తపాలా బిళ్ళలు, తొలిరోజు కవర్లు: వాటి విలువ

తపాలా బిళ్ళకు రెండు ధరలుంటాయి. ఒకటి దాని ముఖం మీదే అచ్చయి ఉంటుంది. ఉత్తరం చేరవేసినందుకు తపాలా శాఖ పుచ్చుకునే రుసుము అది. రెండోది, ఆ బిళ్ళను దాచుకోవాలనుకునేవాళ్ళు ఇవ్వడానికి సిద్ధపడే సొమ్ము. మొదటిది అచ్చయిన నాడే ఖాయమైపోతుంది. రెండోది మాత్రం అణాల బిళ్ళను లక్షల రూపాయల దాకా తీసుకుపోగలదు, ఎంతో మోజుపడి కొన్న రంగురంగుల సెట్టును చిత్తుకాగితం ధరకు దించేయగలదు. ఈ వ్యాసం రెండో ధర గురించి: అది ఎక్కడ పుడుతుంది, దేనివల్ల పెరుగుతుంది, తొలిరోజు కవర్ల విషయంలో ఎందుకు వేరే దారి పడుతుంది అన్నదాని గురించి. ఉదాహరణలు ఎక్కువగా భారతదేశపు బిళ్ళల నుంచే తీసుకున్నాం.

కొత్త బిళ్ళ విడుదలైన రోజునే కవరుకు అంటించి, ఆ తేదీతో ప్రత్యేకంగా తయారుచేసిన ముద్ర వేయిస్తే అది తొలిరోజు కవరు అవుతుంది. సేకర్తలు దీన్ని ఎఫ్‌డీసీ అంటారు. బిళ్ళల సేకరణకూ అధ్యయనానికీ కలిపి ఫిలాటెలీ అని పేరు.

పాతదైతే ఖరీదా?

అటక మీది ట్రంకుపెట్టెలో తాతగారి నాటి ఉత్తరాలు బయటపడగానే ఇంట్లో అందరికీ వచ్చే మొదటి ఆలోచన, ఇవి పాతవి కాబట్టి చాలా ఖరీదు చేస్తాయని. ఈ నమ్మకం ఎంత దూరం నిలుస్తుందో ప్రపంచపు మొట్టమొదటి జిగురు బిళ్ళే చెబుతుంది. రోలండ్ హిల్ తపాలా సంస్కరణల ఫలితంగా బ్రిటన్‌లో 1840 మే 1న అమ్మకానికి వచ్చి, మే 6 నుంచి చెల్లుబాటైన పెన్నీ బ్లాక్‌ను దాదాపు 6.8 కోట్లు అచ్చువేశారు. ఆ రోజుల్లో ఉత్తరం రాసిన కాగితాన్నే మడిచి, దాని వీపు మీదే బిళ్ళ అంటించి పంపేవారు. బిళ్ళ ఉత్తరంతోపాటే ఉండిపోయేది. వర్తకులూ వకీళ్ళూ ఆ ఉత్తరాలను లెక్కల కోసం, దావాల కోసం కట్టలు కట్టి దాచారు. అందువల్ల పెన్నీ బ్లాక్‌లు పెద్ద సంఖ్యలో మిగిలాయి. ముద్ర పడిన మామూలు పెన్నీ బ్లాక్‌ను నేటికీ మధ్యతరగతి సేకర్త కొన్నాళ్ళు కూడబెట్టుకుని కొనుక్కోగలడు. అదే బిళ్ళ 1840 మే 6 తేదీ ముద్రతో, ఉత్తరం మీద ఉన్నది ఉన్నట్టుగా దొరికితే దాని ధర ఆ సేకర్తకు అందదు. బిళ్ళ ఒకటే, వయసు ఒకటే. తేడా అంతా తేదీలోనూ, అలా మిగిలినవాటి కొరతలోనూ ఉంది.

కొరత అంటే ఏమిటో చెప్పడానికి 1856 నాటి బ్రిటిష్ గయానా ఒక సెంటు బిళ్ళను మించినది లేదు. ఇంగ్లండు నుంచి రావలసిన బిళ్ళలు సమయానికి అందకపోతే, స్థానిక పత్రిక అచ్చు కార్యాలయంలో గబగబా వేయించిన బిళ్ళ ఇది. మెజెంటా రంగు కాగితం మీద నల్లసిరా. చూడడానికి ఏ అందమూ లేదు, మూలలు కత్తిరించి ఉన్నాయి. 1873లో దాన్ని ఇంట్లో కనుగొన్న పన్నెండేళ్ళ కుర్రవాడు కొన్ని షిల్లింగులకు అమ్మేశాడు. అలాంటిది మరొకటి దొరకలేదు. 2014లో న్యూయార్క్ వేలంలో అది 94.8 లక్షల డాలర్లకు పోయింది. 2021లో మళ్ళీ వేలానికి వచ్చినప్పుడు 83 లక్షల డాలర్లు పలికింది. ఒంటరి బిళ్ళ ధర కూడా ఏడేళ్ళలో తగ్గగలదన్న సంగతి, స్టాంపులను ఫిక్సెడ్ డిపాజిట్లలా చూసేవారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసింది.

మన దేశంలో తొలి బిళ్ళలు

1852 జూలై 1న సింధు ప్రాంతపు కమిషనర్ బార్టిల్ ఫ్రియర్ తన పరిధిలో ప్రవేశపెట్టిన సిందె డాక్ ఆసియా ఖండంలోనే మొదటి తపాలా బిళ్ళ. గుండ్రంగా, ఈస్టిండియా కంపెనీ గుర్తుతో, అర్ధణా విలువతో వచ్చింది. మొదట ఎర్ర లక్క మీద ఒత్తారు. లక్క సంచుల్లో కుదుపులకు పగిలి పొడి అయిపోయేది. తరువాత తెల్ల కాగితం మీద ఉబ్బెత్తు అచ్చుగా, ఆపైన నీలం రంగులో తీశారు. 1854లో దేశమంతటికీ కొత్త బిళ్ళలు రావడంతో వీటిని ఉపసంహరించారు. మూడింటిలోనూ ఎర్ర లక్కదే అత్యంత అరుదు. తపాలా శాఖ దాన్ని తక్కువగా తయారుచేసిందన్న ఒక్క కారణం కాదు. ఆ పదార్థమే నిలవలేదు.

1854లో కలకత్తాలోని సర్వే కార్యాలయంలో రాతి అచ్చు మీద వేసిన నాలుగణాల బిళ్ళ మరో ముఖ్యమైన ఉదాహరణ. ప్రపంచంలో రెండు రంగుల్లో అచ్చయిన తొలి బిళ్ళల్లో అది ఒకటి. ఎర్ర చట్రం ఒకసారి, లోపల విక్టోరియా రాణి నీలి తల ఒకసారి, విడివిడిగా అచ్చు వేయాలి. కాగితాన్ని తిప్పిపెట్టిన చోట రాణి తల తలకిందులుగా పడింది. అచ్చుకూటంలో తప్పు, సేకర్తల లోకంలో మహారాణి. ఆ తప్పుతో ఇప్పటికి వెలుగుచూసినవి చాలా కొద్ది.

అచ్చుతప్పు దానంతట అదే ధర తెస్తుందని మాత్రం అనుకోకూడదు. 1962లో అమెరికాలో డాగ్ హామర్‌షెల్డ్ స్మారక బిళ్ళలో పసుపు రంగు తలకిందులైన షీట్లు కొన్ని బయటపడ్డాయి. కొన్నవారు సంబరపడేలోగా అక్కడి తపాలా శాఖ అదే తప్పుతో కోట్ల సంఖ్యలో బిళ్ళలను కావాలనే అచ్చువేసి అమ్మకానికి పెట్టింది. అరుదైన తప్పు ఒక్కసారిగా అందరికీ దొరికే మామూలు బిళ్ళ అయిపోయింది. సరఫరా ఎవరి చేతిలో ఉందన్నది ధరను ఎంతగా శాసిస్తుందో ఇంత స్పష్టంగా చూపిన ఘటన మరొకటి కనబడదు.

పది రూపాయల బాపు

స్వతంత్ర భారతదేశపు మొదటి బిళ్ళ 1947 నవంబరు 21న వచ్చింది: మూడున్నర అణాలు, త్రివర్ణ పతాకం, జైహింద్. అదే ఏడాది డిసెంబరు 15న అశోకుడి సింహశీర్షంతో అణాన్నర బిళ్ళ, విమానంతో పన్నెండణాల బిళ్ళ వెలువడ్డాయి. ఈ మూడూ నేటికీ దొరుకుతాయి. సేకర్తలకు అసలు పరీక్ష వాటి తరువాతి సెట్టు.

1948 ఆగస్టు 15న, తొలి స్వాతంత్ర్య వార్షికోత్సవం నాడు, గాంధీజీ చిత్రంతో నాలుగు బిళ్ళలు విడుదలయ్యాయి: అణాన్నర, మూడున్నర అణాలు, పన్నెండణాలు, పది రూపాయలు. స్విట్జర్లాండులోని కూర్వాసియే సంస్థ వీటిని ఫొటోగ్రేవ్యూర్ పద్ధతిలో అచ్చువేసింది. వాటి మీద దేవనాగరిలోనూ ఉర్దూ లిపిలోనూ ‘బాపు’ అని ఉంటుంది. నాలుగింటిలో మొదటి మూడు ఒక ఎత్తు, పది రూపాయలది ఒక ఎత్తు. ఆ రోజుల్లో దేశంలో ఉత్తరం ఖర్చు అణాన్నర. పది రూపాయలంటే నూరు ఉత్తరాలకు పైగా అయ్యే ఖర్చు. బడిపిల్లవాడు కొనగలిగేది కాదు, గుమాస్తా కొనగలిగేదీ కాదు. తక్కిన మూడూ కొనుక్కుని నాలుగోది వదిలేసిన ఆల్బమ్‌లే ఎక్కువ. నాలుగూ ఉన్న తొలిరోజు కవరు ఇప్పుడు ఎందుకంత ఖరీదంటే, ఆనాడు అంత సొమ్ము ఒక కవరు మీద పెట్టగలిగినవారు తక్కువ కాబట్టి. ఆ పైన గాంధీజీ బొమ్మకు ప్రపంచమంతటా గిరాకీ ఉంది. 1961లో అమెరికా, 1969లో శతజయంతికి బ్రిటన్‌తో సహా అనేక దేశాలు ఆయన బిళ్ళలు తెచ్చాయి. గాంధీ బిళ్ళలను మాత్రమే సేకరించేవారు ఎన్నో దేశాల్లో ఉన్నారు. వాళ్ళందరికీ ఈ సెట్టు కావాలి.

ఈ నాలుగింటి మీదే ‘సర్వీస్’ అని పైముద్ర వేసి, అప్పటి గవర్నర్ జనరల్ చక్రవర్తి రాజగోపాలాచారి కార్యాలయ వినియోగం కోసం వంద సెట్లు మాత్రమే సిద్ధంచేశారు. అందులోని పది రూపాయల బిళ్ళలు నాలుగు కలిసి ఉన్న వరసను 2017లో లండన్‌లోని స్టాన్లీ గిబ్బన్స్ సంస్థ అయిదు లక్షల పౌండ్లకు అమ్మింది. నాటి మారకం లెక్కన నాలుగు కోట్ల రూపాయలకు పైమాటే. ఇక్కడే ఒక హెచ్చరిక కూడా అవసరం: మామూలు పది రూపాయల బిళ్ళ మీద నల్లసిరాతో ఒక మాట గుద్దడం మోసగాడికి పెద్ద పని కాదు.

బిళ్ళను తిప్పి చూడాలి

కొత్త సేకర్త బిళ్ళ ముఖం చూస్తాడు. అనుభవమున్నవాడు పట్టకారుతో పట్టుకుని ముందు వీపు చూస్తాడు. వాడని బిళ్ళను మింట్ అంటారు. దాని వెనక జిగురు తయారైన నాటి నిగనిగతో, చేతి మరక లేకుండా ఉందా? గతంలో ఆల్బమ్‌లో నిలబెట్టడానికి హింజ్ అనే చిన్న జిగురు కాగితాన్ని అంటించేవారు. దాని గుర్తు పడిందా? వెలుతురుకు ఎత్తితే ఎక్కడైనా కాగితం పొర లేచి పలచబడిందా? తరువాత అంచులు. చుట్టూ ఉన్న పళ్ళలో ఒక్కటి విరిగినా ధర పడిపోతుంది. బొమ్మ నాలుగు పక్కలా సమానమైన తెల్ల అంచుతో నడిమధ్యన కూర్చోవాలి. పెన్నీ బ్లాక్ లాంటి పళ్ళు లేని బిళ్ళలను కత్తెరతో కత్తిరించేవారు కాబట్టి, నాలుగు అంచులూ పూర్తిగా ఉన్నదానికీ ఒక పక్క బొమ్మలోకి కత్తెర దిగినదానికీ ధరలో ఎన్నో రెట్ల తేడా ఉంటుంది.

మన వాతావరణం బిళ్ళలకు శత్రువు. కోస్తా ఊళ్ళలో రెండు వానాకాలాలు పెట్టెలో పడి ఉంటే చాలు, జిగురు మెత్తబడి కాగితానికి అతుక్కుపోతుంది. పళ్ళ చివర్ల నుంచి గోధుమరంగు మచ్చలు లోపలికి పాకుతాయి. దీన్ని సేకర్తలు టోనింగ్ అంటారు. ఈ మచ్చలు పడిన గాంధీ సెట్టుకూ తెల్లగా మిగిలిన సెట్టుకూ ఒకే కేటలాగు అంకె వర్తించదు. ముద్ర పడిన బిళ్ళల్లో లెక్క ఇంకోలా ఉంటుంది: బొమ్మను మసి చేసేసిన ముద్ర ధర తగ్గిస్తుంది, ఊరి పేరూ తేదీ స్పష్టంగా చదవగలిగే ముద్ర ధర పెంచుతుంది.

కవరు: బిళ్ళ కన్నా పెద్దది

బిళ్ళ ఒంటరిగా ఉన్నప్పుడు తన గురించి మాత్రమే చెబుతుంది. కవరు మీద ఉన్నప్పుడు ఎక్కడ నుంచి, ఎక్కడికి, ఏ రోజున, ఎంత రుసుముతో, ఏ దారిన వెళ్ళిందో అన్నీ చెబుతుంది. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదు నుంచి యమున అవతలి నైనీకి ఫ్రెంచి విమాన చోదకుడు ఆన్రీ పెకే దాదాపు 6,500 ఉత్తరాలు మోసుకుపోయాడు. ప్రపంచంలో మొదటి అధికారిక విమాన తపాలా అదే. ఆ కవర్ల మీద అంటించిన ఎడ్వర్డ్ రాజు బిళ్ళలు అతి మామూలువి. వాటిని నీళ్ళలో నానబెట్టి ఊడదీస్తే మిగిలే విలువ చాలా స్వల్పం. విమానం బొమ్మతో ఉన్న ఆ ప్రత్యేక ముద్ర కవరు మీద ఉన్నంతసేపే అది చరిత్ర. మారిషస్ 1847 బిళ్ళలు ఒక పెన్నీది, రెండు పెన్సులది పక్కపక్కన అంటించి ఫ్రాన్సులోని బోర్డో పట్టణపు ద్రాక్షసారాయి వర్తకులకు పంపిన కవరు 1993 వేలంలో దాదాపు 40 లక్షల డాలర్లు పలికింది. ఆ రెండు బిళ్ళలూ అలా కలిసి ఉన్న కవరు అదొక్కటే.

తొలిరోజు కవర్ల కథ ఇంతకు భిన్నం. మొదట్లో వాటిని ఎవరూ ఉద్దేశపూర్వకంగా తయారుచేయలేదు. కొత్త బిళ్ళ వచ్చిన నాడే యాదృచ్ఛికంగా వేసిన ఉత్తరాలవి. 1923లో అమెరికాలో హార్డింగ్ స్మారక బిళ్ళకు జార్జ్ లిన్ అనే ప్రచురణకర్త కవరు ఎడమ పక్క ప్రత్యేకంగా అచ్చువేయించడంతో అలంకార కవర్ల వాడుక మొదలైంది. 1937 నుంచి అక్కడి తపాలా శాఖ ముద్రలోనే తొలిరోజు అని వేయసాగింది. తరువాత ప్రపంచమంతటా తపాలా శాఖలే ఇలాంటి కవర్లను స్వయంగా సిద్ధంచేసి అమ్మసాగాయి.

మన దేశంలో పద్ధతి ఇలా ఉంటుంది. బిళ్ళతోపాటు బొమ్మ వేసిన కవరు, ఆ అంశానికి తగ్గట్టు గీసిన ముద్ర, సమాచార పత్రం వెలువడతాయి. హైదరాబాదు అబిడ్స్ జీపీవో లాంటి చోట్ల ఉన్న ఫిలాటెలిక్ బ్యూరోల్లో కవరు కొని, బిళ్ళ అంటించి, ముద్ర వేయించుకోవచ్చు. బ్రోచర్ అని పిలిచే ఆ సమాచార పత్రాన్ని చాలామంది చదవకుండా పక్కన పెడతారు. ధర గురించి ఆలోచించేవారికి అసలు అక్కరకొచ్చేది అదే. అడుగున చిన్న అక్షరాల్లో ఎన్ని బిళ్ళలు అచ్చువేశారో, ఏ పద్ధతిలో, ఏ ముద్రణాలయంలో వేశారో ఉంటుంది. ఆ ముద్రణాలయం ఒక్కోసారి నాసిక్, ఒక్కోసారి మన హైదరాబాదు సెక్యూరిటీ ప్రింటింగ్ ప్రెస్.

మరి ఈ కవర్ల ధర? నిజం చెప్పాలంటే, గత నాలుగైదు దశాబ్దాల తొలిరోజు కవర్లలో ఎక్కువ భాగం కొన్న ధరకు కాస్త అటూ ఇటూగానే అమ్ముడవుతాయి. కారణం కష్టమేమీ కాదు. అవి దాచడానికే తయారయ్యాయి, అందరూ జాగ్రత్తగా దాచారు. అదే రోజున ఎవరో దరఖాస్తు పంపడానికి ఆ కొత్త బిళ్ళనే మామూలు కవరుకు అంటించి, రిజిస్టరు చేయించి, అవతలి ఊరి చేరిక ముద్ర కూడా పడి ఉంటే, అది దొరకడం కష్టం. చదువుకున్న సేకర్త దానికే ఎక్కువ ఇస్తాడు. తొలిరోజు కవర్లలో ధర పెంచేవి కొన్ని ఉన్నాయి: 1947 నుంచి 1950ల దాకా వచ్చినవి, ఎక్కువ విలువ బిళ్ళతో సహా పూర్తి సెట్టు ఉన్నవి, 1973 ఇండిపెక్స్ తపాలా బిళ్ళల ప్రదర్శన నాటి మన తొలి మినియేచర్ షీట్ లాంటివి అంటించినవి, బిళ్ళ మీది వ్యక్తికో సంఘటనకో సంబంధించిన ఊరి ముద్ర ఉన్నవి. చిరునామా రాయని శుభ్రమైన కవరుకు గిరాకీ ఎక్కువే కానీ, 1950లకు ముందువాటి మీద చక్కని దస్తూరితో చిరునామా ఉండడం లోపం కాదు, ప్రయాణానికి సాక్ష్యం.

తపాలా సర్కిళ్ళు స్థానిక సందర్భాలకు తెచ్చే ప్రత్యేక కవర్లు వేరు. వాటికి కొత్త బిళ్ళ ఉండదు. కవరూ ముద్రా మాత్రమే ప్రత్యేకం. ఈ రెంటినీ కలగలిపి అమ్మేవారి దగ్గర జాగ్రత్తగా ఉండాలి.

నిజాం బిళ్ళలు, తెలుగువారి బిళ్ళలు

హైదరాబాదు సంస్థానం 1869లో తన సొంత బిళ్ళ తెచ్చింది. సంస్థానం లోపలే చెల్లిన ఈ బిళ్ళల మీద ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీలతోపాటు తెలుగు అక్షరాలు కూడా కనిపిస్తాయి. 1931 సెట్టును ఒకసారి వరసగా పేర్చి చూడండి: అణా మీద చార్మినార్, రెండణాల మీద హైకోర్టు, నాలుగణాల మీద ఉస్మాన్‌సాగర్, ఎనిమిదణాల మీద అజంతా గుహల ప్రవేశం, పన్నెండణాల మీద బీదరు విద్యాలయం, రూపాయి మీద దౌలతాబాదు విజయస్తంభం. నేటి మూడు రాష్ట్రాల్లో విస్తరించిన సంస్థానపు పటం ఆరు బిళ్ళల్లో దిగుతుంది. వీటి వాడుక 1950 మార్చి నెలాఖరుతో ముగిసింది. ముద్ర పడిన చార్మినార్ అణా బిళ్ళ విడిగా సులభంగానే దొరుకుతుంది, ఖరీదూ ఎక్కువ కాదు. అదే బిళ్ళ తెలంగాణ పల్లె తపాలా కార్యాలయపు స్పష్టమైన ముద్రతో, కవరు మీద ఉంటే దాని స్థాయి మారిపోతుంది. ఇలాంటి కవర్లను సేకరించి, ఊళ్ళవారీగా నమోదు చేయడం తెలుగువారు చేపట్టదగిన పని. ఆనాటి తపాలా దారులు, ఊళ్ళ పేర్లు అక్కడే దాగి ఉన్నాయి.

త్యాగరాజు 1961లో, వేమన, ప్రకాశం పంతులు 1972లో, కందుకూరి 1974లో, గురజాడ 1976లో, అల్లూరి సీతారామరాజు 1986లో, ఘంటసాల 2003లో, పింగళి వెంకయ్య 2009లో భారతీయ తపాలా బిళ్ళల మీదికి ఎక్కారు. కూచిపూడి నాట్యం 1975 నృత్యాల సెట్టులో ఉంది. ఇవన్నీ కొద్ది ఖర్చుతోనే కూడదీసుకోవచ్చు. ఇంట్లో పిల్లలకు సేకరణ మొదలుపెట్టించడానికి ఇంతకన్నా మంచి వరస లేదు.

అంకెను నమ్మే ముందు

1856లో మొదలైన స్టాన్లీ గిబ్బన్స్, అమెరికా వారి స్కాట్, జర్మన్ల మిషెల్, ఫ్రెంచివారి ఈవేర్ కేటలాగులు ప్రపంచమంతటా ప్రమాణాలు. మన బిళ్ళలకు కలకత్తా నుంచి వెలువడిన ఫిలా ఇండియా కూడా చాలామంది చేతిలో ఉంటుంది. కేటలాగు అంకె అంటే మీ చేతికి వచ్చే సొమ్ము కాదు. మచ్చలేని ప్రతికి దుకాణంవాడు అడిగే ధర అది. అమ్మబోతే అందులో కొంత వంతే వస్తుంది. మరీ మామూలు బిళ్ళలకు కేటలాగులో ఉన్న కనీస ధర, ఆ బిళ్ళను వెతికి కవరులో పెట్టి ఇచ్చే శ్రమకు గానీ బిళ్ళకు కాదు. ఇంటర్నెట్‌లో ఎవరో వేలల్లో అడుగుతున్నారని అంత విలువ ఉన్నట్టు కాదు. అడిగిన ధర వేరు, అమ్ముడుపోయిన ధర వేరు. వేలం సంస్థలు ప్రకటించే ఫలితాలు చూస్తే రెండోది తెలుస్తుంది.

1960ల చివర, 70ల మొదట్లో అజ్మాన్, షార్జా వంటి గల్ఫ్ ఎమిరేట్ల పేరుతో పక్షులు, పూలు, అంతరిక్ష నౌకల బొమ్మల బిళ్ళలు గుట్టలుగా వచ్చాయి. చాలావరకు ముద్ర ముందే గుద్ది, జిగురు చెక్కుచెదరకుండా సంచుల్లో అమ్మారు. మన పిల్లల ఆల్బమ్‌లు వాటితోనే నిండాయి. అందంగా ఉంటాయి, విలువ లేదు. అదే కాలంలో, 1970ల మొదట్లో, భూటాన్ గ్రామఫోన్ రికార్డు రూపంలో, వాయిస్తే పాట వినిపించే బిళ్ళలు తెచ్చింది. అప్పుడు వాటిని బొమ్మలాటగా కొట్టిపారేసిన సేకర్తలే ఇప్పుడు ఆ సెట్టు కోసం పోటీ పడుతున్నారు. రేపు ఎవరికి ఏది కావాలో ఇవాళ చెప్పగలిగేవారు లేరు.

నకిలీలు ప్రతి ఖరీదైన బిళ్ళ వెంటా ఉంటాయి. కొత్త జిగురు పూసినవి, పళ్ళు కొత్తగా కొట్టినవి, దొంగముద్ర వేసినవి, పైముద్ర గుద్దినవి. సిందె డాక్‌కు నకిలీలు పుష్కలం. పెద్ద మొత్తం పెట్టేటప్పుడు 1869లో ఏర్పడిన లండన్ రాయల్ ఫిలాటెలిక్ సొసైటీ వంటి సంస్థల నిపుణుల ధ్రువపత్రం లేకుండా కొనకూడదు.

దాచే విషయంలో చేయకూడనివే ఎక్కువ: లామినేషన్ వద్దు, సెల్లోటేపు వద్దు, ఫొటో ఆల్బమ్‌ల అంటుకునే పుటలు వద్దు. తేమ లేని గదిలో, ఆమ్లం లేని కాగితం మీద, నిలువుగా నిలబెట్టిన ఆల్బమ్‌లో బిళ్ళలు పదికాలాలు ఉంటాయి.

ఇప్పుడు అటక మీది ఆ ట్రంకుపెట్టె దగ్గరికి వెళ్ళే పాఠకులకు ఒక్క మనవి. అందులో కవర్లు, కార్డులు కనబడితే కత్తెర ముట్టుకోకండి. బిళ్ళలు ఊడదీయకండి, చిరునామాలు చెరపకండి, లోపలి ఉత్తరాన్ని వేరుచేయకండి. మీ తాతగారి కవరు మీద ఊరి పేరుతో, తేదీతో స్పష్టంగా పడిన ముద్ర ఉంటే, ముందు దాన్ని ఒక అనుభవజ్ఞుడైన సేకర్తకు చూపించండి. నీళ్ళలో నాని ఊడిపోయిన బిళ్ళను మళ్ళీ ఆ కవరుకు ఎవరూ చేర్చలేరు.